ట్యూబ్‌లైట్ చోక్, లోపలి పూత గురించి కూడా రాయాల్సింది

ట్యూబ్‌లైట్ మీద మీ వ్యాసంలో ఘనతంతా 1938లో దాన్ని మార్కెట్లోకి తెచ్చిన అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌దే, అక్కడి ఇంజనీరు జార్జ్ ఇన్‌మన్ బృందానిదే అన్నట్టు రాశారు. అది సగం కథే. 1926లోనే జర్మనీలో ఎడ్మండ్ గెర్మర్ ఇంకో ఇద్దరితో కలిసి పేటెంటుకు దరఖాస్తు చేశాడు, తర్వాత ఆ హక్కులు కొనుక్కుంది జనరల్ ఎలక్ట్రికే.

అసలు గొప్పదనం లోపలి పూతది. పాదరసపు ఆవిరి నుంచి వచ్చేది ఎక్కువగా కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి, దాన్ని వెలుగుగా మార్చేది గాజు లోపల పూసిన ఆ తెల్ల పొడే. మొదట్లో అందులో బెరీలియం ఉండేది, అది విషం, ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులు పాడయ్యాయి. 1942లో ఇంగ్లండులో మెకీగ్, రాన్‌బీ అనే ఇద్దరు బెరీలియం లేని హాలోఫాస్ఫేట్ పొడి తయారుచేశాక ఆ పీడ మెల్లగా వదిలింది. వాళ్ల పేర్లే వ్యాసంలో లేకపోవడం నాకు నిజంగా బాధేసింది.

ఇక చోక్, అంటే ట్యూబ్‌లోకి వెళ్లే కరెంటును అదుపులో పెట్టే పరికరం. మన హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో అమ్మిన ఆ బరువైన పాత చోక్ తనే పది వాట్ల దాకా తినేసేది, పైగా మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 100 సార్లు వెలుతురు ఊగేది. ఎలక్ట్రానిక్ చోక్ 20 వేల హెర్ట్జ్ పైన నడుపుతుంది, అందుకే ఆ ఊగడం కంటికి తెలియదు, గుయ్యిమనే చప్పుడు లేదు, అదే కరెంటుకు సుమారు 10 శాతం ఎక్కువ వెలుతురు. లో వోల్టేజీ ఉండే ఎండాకాలం సాయంత్రాల్లో ట్యూబ్ వెలగడానికి స్టూలెక్కి స్టార్టర్ తిప్పే పని కూడా తప్పింది. దీని గురించి ఒక్క పేరా అయినా చేర్చండి సార్.