నేరేడుపండు ఎరిగిన నాలుకకు కాలిఫోర్నియా రెడ్ వైన్

లివర్‌మోర్ శివ విష్ణు ఆలయం బే ఏరియా తెలుగువాళ్లకు బాగా తెలిసిన గుడి. అదే ఊరికి దక్షిణాన ద్రాక్షతోటలున్నాయి. గుడికెళ్లిన రోజు అటు వెళ్తే బాగోదని మేం ఇంకో శనివారం వెళ్లాం. టేస్టింగ్ రూమ్‌లో పెటీట్ సిరా అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ పోశారు. గ్లాసు వెనక వేలు పెడితే కనపడనంత నలుపు. పోసినామె బ్లాక్‌బెర్రీ, సెడార్, కోకో అంటూ చెబుతుంటే అర్థమైనట్టు తల ఊపాను. మింగాక చిగుళ్లు పట్టేశాయి. పక్కనున్న స్నేహితుడు నాలుక చాపి ఫోన్ కెమెరాలో చూసుకుని, "నేరేడుపళ్లు తిన్నట్టుంది కదరా" అన్నాడు. ఆ మాటతో నాకు గ్లాసులో ఉన్నదేమిటో తెలిసింది.

వైన్ వాళ్లు టానిన్ అనేది మన నోటికి వగరే. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి, కొంత ఓక్ పీపాలోంచి వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని నోట్లో జారుడుతనం పోగొడుతుంది. ఇది రుచి కాదు, స్పర్శ అని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. మనం ఉగాది పచ్చడిలో దాన్ని ఆరింటిలో ఒకటిగా కలిపి తినేస్తాం. ఇంగ్లిష్‌లో తీపి లేని వైన్‌ను డ్రై అంటారు, నోరు ఎండగట్టేదాన్నీ చాలామంది డ్రై అనేస్తారు. మనకు ఆ తికమక లేదు. పెటీట్ సిరా పండ్లు చిన్నవి కాబట్టి రసంతో పోలిస్తే తొక్క వంతు ఎక్కువ. ఆ రంగూ, ఆ వగరూ అందుకే.

అయితే కాలిఫోర్నియా రెడ్ 'బోల్డ్' అని మెచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మెచ్చేది వగరును కాదు, ఆల్కహాల్‌ను. మనవాళ్లు ఇందులో ఇంకాస్త ముందుంటారు. 'వైన్స్' అని బోర్డున్న కొట్లో వైన్ అడిగేవాడే అరుదైన చోటు నుంచి వచ్చాం మరి. విస్కీ లెక్కలోనే, ఎంత ఘాటైతే అంత గొప్ప.

1976 మే 24న పారిస్‌లో సీసాల పేర్లు దాచి పెట్టిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు రెడ్‌లలో మొదటి స్థానమిచ్చింది కాలిఫోర్నియాలోని నాపా లోయకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వాళ్ల 1973 కాబెర్నే సావిన్యోన్ (అదీ ఒక ద్రాక్ష రకమే) వైన్‌కు. అది ఫ్రాన్స్‌లో పేరుమోసిన మూటన్ రాత్‌షీల్డ్ వైన్‌ను దాటింది. గెలిచిన ఆ వైన్‌లో ఆల్కహాల్ 13 శాతం దగ్గరే. ఇవాళ నాపా కాబెర్నేలో 14.5, 15 శాతం మామూలు. నూటికి ఇన్ని అని మార్కులేసే విమర్శకులకు బాగా పండిన, తియ్యటి వాసనలున్న వైన్లు నచ్చడంతో 1990ల నుంచి పండ్లను చెట్టు మీదే ఎక్కువ రోజులు ఉంచడం అలవాటైంది. చక్కెర పెరిగితే ఆల్కహాల్ పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది, వగరు మెత్తబడుతుంది. మొదటి గుక్కకు అద్భుతం. మూడో గ్లాసుకు జామ్ సీసా. నన్నడిగితే ఇది నాపా తనకు తాను చేసుకున్న నష్టం. శాన్ పాబ్లో బే నుంచి పొగమంచు వచ్చి రాత్రిళ్లు చల్లబరిచే లోయ అది. పులుపు నిలబెట్టుకోవడానికి ప్రకృతి అంత సాయం చేస్తుంటే దాన్ని వదులుకోవడమెందుకు?

లేబుల్ మీద అంకెను కూడా పూర్తిగా నమ్మక్కర్లేదు. 14 శాతం దాటిన వైన్‌కు అమెరికా నిబంధనల ప్రకారం ఒక శాతం అటూ ఇటూ మినహాయింపు ఉంది. 14.5 అని రాసినది 15.5 కావచ్చు. కాబట్టి నోటినే అడగాలి. సీసాను ఫ్రిజ్‌లో ఓ ఇరవై నిమిషాలు పెట్టండి. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలనే మాట పాత యూరప్ చలి ఇళ్లది, మన గదులది కాదు. 16, 18 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ ముక్కుకు కొట్టదు. గుక్క తీసుకుని మింగాక పది లెక్కపెట్టండి. గొంతులో మంట మాత్రమే మిగిలితే అది బలం కాదు. చిగుళ్ల మీద వగరు, దవడల పక్కన నీరూరించే పులుపు, వెనకాల పండు వాసన ఇంకా ఉంటే ఆ సీసాకు పెట్టిన డబ్బు దండగ కాలేదు.

మొదటిసారి మేం ఆవకాయ అన్నం తిని వెళ్లాం. పెటీట్ సిరా తర్వాత కాలిఫోర్నియాలోనే లోడై ప్రాంతపు జిన్‌ఫాండెల్ అనే ఇంకో రెడ్ వైన్ పోస్తే నోట్లో నిప్పు పోసినట్టయింది. తప్పు వైన్‌ది కాదు. కారాన్ని పసిగట్టే నరాలను ఆల్కహాల్ ఇంకా రెచ్చగొడుతుంది. పదిహేను శాతం వైనూ గుంటూరు మిరపా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. వగరుకు కావలసింది ఉప్పూ కొవ్వూ. నేరేడుపళ్లకు ఉప్పు పట్టించి తినే పిల్లలకు అందులో సగం ఎప్పుడో తెలుసు. రెండోసారి వెళ్లినప్పుడు మావాడు మిరియాలేసి, కారం తగ్గించి చేసిన మటన్ వేపుడు డబ్బాలో తెచ్చాడు. తోట పక్క బల్ల మీద డబ్బా ఖాళీ అయ్యాకే మాకు పెటీట్ సిరా అయిపోయిందని తెలిసింది.