మన ప్రయాణాలకు సలహా చెప్పేవారు ఇంతకుముందు ఏ పని చేశారు?

గత నెలలో మా ప్రాంతపు ప్రజారవాణా మీద తయారైన ఒక ముసాయిదా నివేదికపై అభిప్రాయ సేకరణ సభ జరిగితే వెళ్లాను. తెర మీద ముందుగా కోనసీమ పటం వేశారు. ముఖ్యమైన ప్రతి బస్టాపు చుట్టూ ఒక నీలిరంగు వృత్తం గీసి, ఆ వృత్తంలో పడిన జనాభా మొత్తానికి ఆ స్టాపు అందుబాటులో ఉన్నట్టు లెక్క కట్టారు. సఖినేటిపల్లి రేవు దగ్గరి స్టాపు చుట్టూ గీసిన వృత్తం వశిష్ఠ గోదావరిని దాటేసి, అవతలి గట్టున నరసాపురంలోని ఇళ్లను కూడా తనలో కలిపేసుకుంది. ఆ ఇళ్లవాళ్లు ఈ స్టాపులో బస్సు ఎక్కాలంటే పంటు, అంటే మనుషులనూ బండ్లనూ రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి దాటాలి. పంటు లేని వేళ పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన ఎక్కి, దిండి, మలికిపురం మీదుగా చుట్టూ తిరిగి రావాలి. వరద రోజుల్లో పంటు అసలే కట్టేస్తారు. పటంలో మాత్రం వాళ్లు ఈ బస్సుకు నడిచి వచ్చేంత దగ్గర్లో ఉన్నారు.

నేను లేచి ఈ సంగతి చెప్పాను. వివరిస్తున్న యువకుడు మర్యాదస్థుడు. సాఫ్ట్‌వేరులో దూరం ఇస్తే వృత్తం దానంతటదే వస్తుందని, నదిని విడిగా గుర్తించాల్సిందని ఒప్పుకుని రాసుకున్నాడు. అతని చదువు మీద గానీ, నిజాయితీ మీద గానీ నాకు అనుమానం లేదు. కానీ నివేదిక తయారుచేసిన బృందంలో ఎవరెవరున్నారని అడిగితే ఇద్దరు నిర్మాణ ఇంజనీర్లు, ఒక పటాల నిపుణుడు, ఒక ఆర్థిక నిపుణుడు, ఒక పట్టణ ప్రణాళికా నిపుణురాలు అని చెప్పాడు. బస్సులు నడిపే సంస్థలో ఎప్పుడైనా పనిచేసినవారు, పడవల రాకపోకలు చూసినవారు, కనీసం ఈ డెల్టాలో ఒక వర్షాకాలం గడిపినవారు అందులో ఒక్కరూ లేరు. ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను ఆర్టీసీలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. కండక్టరుగా చేరి, కంట్రోలరునై, చివరికి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా దిగాను. కాబట్టి ఏ రవాణా సమస్య చూసినా నా చూపు బస్సు మీదికే పోతుంది, రైలుకు దక్కాల్సిన న్యాయం నా మాటల్లో దక్కకపోవచ్చు. ఈ ముక్క తెలిస్తే చదివేవాళ్లు నా మాటలను ఎంతవరకు నమ్మాలో వాళ్లే బేరీజు వేసుకుంటారు. కోట్ల రూపాయల నివేదికలు రాసేవారి నుంచి కూడా నేను అడుగుతున్నది ఇంతే.

నిపుణుల నేపథ్యం గురించి అడగడం అగౌరవమని కొందరు అనుకుంటారు. నేను ఎంతో గౌరవించే ఇ. శ్రీధరన్ గారినే తీసుకోండి. ఆయన ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడ ప్రభుత్వ కళాశాలలోనే. 1964 తుఫానులో కొట్టుకుపోయిన పంబన్ వంతెనను 46 రోజుల్లో నిలబెట్టడం, కొంకణ్ రైల్వే, ఆ తర్వాత ఢిల్లీ మెట్రో, ఇలా ఆయన ఏ పని చేసి వచ్చారో దేశమంతటికీ తెలుసు. ఆయన రైల్వే మనిషి అన్న సంగతి దాచిపెట్టినది కాదు. మెట్రో మంచిదని ఆయన చెబితే, రైలు కట్టిన చేతులు చెబుతున్న మాట అని తెలిసే వింటాం. 2008లో హైదరాబాద్ మెట్రో టెండరు మీద ప్రణాళికా సంఘానికి ఆయన లేఖ రాసి, ప్రాజెక్టుతో పాటు టెండరు దక్కిన సంస్థ చేతికి వెళ్లే భూముల గురించి హెచ్చరించినప్పుడు ఆ మాటకు అంత బరువు రావడానికి కారణం కూడా అదే. రైలు అంటే ఇష్టం ఉండీ, రైలు ఎంతకు తయారవుతుందో తెలిసీ చెప్పిన మాట అది. ఆ ఒప్పందం మరుసటి ఏడాదే రద్దయింది.

దినేశ్ మోహన్ గారి నేపథ్యం వేరు. ఐఐటీ ఢిల్లీలో ఆచార్యులుగా ఉన్న ఆయన మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మనిషి శరీరానికి తగిలే గాయాల మీద పరిశోధన చేసినవారు. అందువల్ల ఆయన రోడ్డును చూస్తే మొదట కనబడేది వాహనం కాదు, దాన్ని దాటుతున్న మనిషి. 2008లో ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు బస్సులకు ప్రత్యేక వరుస వేసినప్పుడు దానిని గట్టిగా సమర్థించినవారిలో ఆయనొకరు. పక్క వరుసల్లో ఆగిపోయిన కార్లను లెక్కపెట్టినవారికి అది వైఫల్యంగా కనిపించింది, బస్సులో ఉన్న మనుషులను లెక్కపెట్టినవారికి వేరేగా కనిపించింది. చివరికి 2016లో దాన్ని తొలగించారు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది ఇక్కడ నేను తేల్చడం లేదు. ఒకే రోడ్డు మీద నిలబడి ఇద్దరు నిపుణులు రెండు వేర్వేరు వస్తువులను లెక్కపెడతారని, ఏది లెక్కపెట్టాలన్నది వాళ్లు అప్పటిదాకా చేసిన పనే చాలావరకు నిర్ణయిస్తుందని చెబుతున్నాను.

మన డెల్టాలో దీనికి ఉదాహరణ కాటన్ దొర కన్నా పెద్దది లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన అన్నం. ఆయన నీళ్ల మనిషి. కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకూ పనికొచ్చేలా లాకులతో కట్టించారు. మా తాతల కాలంలో ధాన్యం, కొబ్బరి ఆ కాలువల మీదే పోయేవి. అయితే దేశం మొత్తానికీ రైలు కన్నా జలమార్గమే మేలని ఆయన జీవితాంతం వాదించారు, ఆ వాదన నెగ్గలేదు. నీటి విషయంలో అంతటి మహానుభావుడి చూపు కూడా రవాణా దగ్గరికి వచ్చేసరికి నీటి వైపే మొగ్గిందంటే, మామూలు నిపుణుల సంగతి వేరే చెప్పాలా? ఇంకొక విషయం కూడా మరిచిపోకూడదు. ఆ ఆనకట్ట పనిలో ఆయన పక్కన వీణెం వీరన్న ఉన్నారు. ఇక్కడి మనుషులు, ఇక్కడి కూలీలు, ఇక్కడి మాట తెలిసిన మనిషి ఒకరు దొర పక్కన నిలబడ్డారు. ఇప్పటి బృందాలలో నాకు కనిపించనిది ఆ వీరన్న స్థానమే.

అంచనాల సంగతికి వస్తే, డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబియర్గ్ తన సహచరులతో కలిసి 14 దేశాల్లోని 210 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించారు. పది రైలు ప్రాజెక్టుల్లో తొమ్మిదింటిలో ఎంతమంది ఎక్కుతారన్న అంచనా అసలు కన్నా ఎక్కువగానే ఉందని, సగటున చూస్తే ఆ అంచనా వాస్తవానికి రెట్టింపు దాటిందని తేలింది. ఆ పరిశోధకుడు రైలు కట్టినవాడు కాదు, ఆర్థిక భూగోళ శాస్త్రం చదివినవాడు. బహుశా అందుకే ఈ ప్రశ్న అడగగలిగాడు. రైలు కట్టేవారు వేసిన అంచనా తప్పితే వాళ్లకు పోయేదేమీ లేదు, రైలు మాత్రం వస్తుంది.

మన ప్రభుత్వాలకు ఇది తెలియక కాదు. 2017 మెట్రో రైలు విధానంలో, మెట్రో అడిగే ఏ నగరమైనా బస్సు కారిడార్ల వంటి ప్రత్యామ్నాయాలను ముందు పోల్చి చూపాలని, ప్రతిపాదనను స్వతంత్ర సంస్థ చేత మదింపు చేయించాలని స్పష్టంగా పెట్టారు. మంచి నిబంధన. అయితే ఆ స్వతంత్ర సంస్థలో కూర్చునేవారు నిన్నటిదాకా ఎవరి దగ్గర పనిచేశారో, రేపు ఎవరి దగ్గర చేరతారో చెప్పకపోతే స్వతంత్రం అన్న మాటకు అర్థం ఎక్కడిది? సవివర నివేదిక రాసిన సంస్థే తర్వాత నిర్మాణ పర్యవేక్షణ పని కూడా తీసుకోగలిగితే, అసలు కట్టనవసరం లేదని ఆ నివేదికలో రాసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇక మా కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం. లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగి గారి చొరవతో 2000-01లో మంజూరైంది. దాదాపు 57 కిలోమీటర్లు, మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు గోదావరి పాయలు. ఈ ఒండ్రు నేలలో, ఈ ప్రవాహంలో పునాదులు దింపడం సామాన్యమైన పని కాదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు ఆ ఇంజనీర్ల కష్టం వేరే చెప్పక్కర్లేదు, వాళ్లకు నా నమస్కారం. కానీ రైలు వచ్చిన రోజున స్టేషన్లో దిగిన మనిషి ఊళ్లోకి ఎలా చేరాలి, ఏ బస్సు ఏ వేళకు అక్కడ ఆగాలి అన్నవి పునాదుల నిపుణుడిని అడిగే ప్రశ్నలు కావు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న లైను మీద ఒంటి పెట్టె రైలు బస్సు నడిచిన రోజులు మాలో చాలామందికి గుర్తున్నాయి. అదే దారిలో రామచంద్రపురం, ద్రాక్షారామం ఊరి నడుమన ఆటోలూ బస్సులూ ఆగి ఎక్కించుకుంటూ ఉంటే, దాని కోసం స్టేషను దాకా వెళ్లేవాళ్లు తక్కువ మందే ఉండేవారు.

ముసాయిదాలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఒక చిన్న పేరా. పల్లెల్లో నైట్ హాల్టు బస్సులు రాత్రంతా పనిలేకుండా నిలిచి ఉంటున్నాయని, వాటిని డిపోకు రప్పించి ఉదయం ఆరు గంటలకు డిపో నుంచే బయల్దేరదీస్తే ఖర్చు తగ్గుతుందని అందులో రాశారు. కాగితం మీద చూస్తే ఇది నిజమే. నేను కండక్టరుగా పదకొండేళ్లు ఇలాంటి నైట్ హాల్టు చేశాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఊరు చేరేవాళ్లం, రామాలయం పక్కన బండి పెట్టుకుని డ్రైవరన్నా నేనూ బస్సులోనే దోమతెర కట్టుకుని పడుకునేవాళ్లం. తెల్లవారుజామున నాలుగున్నరకు డ్రైవరన్న ఇంజన్ వేయగానే, ఆ చప్పుడుకే ఊళ్లో దీపాలు ఒక్కొక్కటిగా వెలిగేవి. ముందు రొయ్యల ప్లాంటుకు పోయే ఆడవాళ్లు వచ్చేవారు, చేతుల్లో టిఫిన్ క్యారేజీలు. ఐదింటికల్లా రోడ్డు మీద వాళ్ల ప్లాంటు వ్యాను వస్తుంది, అది తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. తర్వాత కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే దింపు కార్మికులు, కత్తీ తాడూ గోనెసంచిలో చుట్టుకుని వెనక సీటు కింద తోసేవారు. ఆకుకూరల గంపలు పైకి ఎక్కేవి. సూరమ్మ అని ఒకావిడ రోజూ ముందు సీట్లో కూర్చుని, చిల్లర కొంగు ముడిలోంచి తీసి లెక్కపెట్టి ఇస్తూ, “బాబూ, రేపు కూడా ఇదే టైముకి కదా?” అని అడిగేది. పదకొండేళ్లూ అదే ప్రశ్న. ఒక్కరోజు బండి రాకపోతే తన పని ఏమవుతుందో ఆవిడకు తెలుసు.

ఈ నివేదిక కోసం చేసిన సర్వే ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు జరిగింది. ఆఫీసులు ఉన్న నగరానికి అది రద్దీ వేళ. సూరమ్మ లాంటివాళ్లు ఎనిమిదింటికి బస్టాపులో ఉండరు, అప్పటికి సగం పని అయిపోయి ఉంటుంది. సర్వే వేళలు నిర్ణయించిన మనిషి ఒక్కరోజైనా డిపో తొలి ట్రిప్పుల చార్టు చూసి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. వాళ్లు కొత్తగా డబ్బు పెట్టి సేకరించాల్సిన అవసరం కూడా లేదు. కండక్టర్ల చేతిలోని టికెట్ యంత్రంలో ఎవరు ఏ స్టేజీలో ఎక్కి ఎక్కడికి టికెట్ తీసుకున్నారో ప్రతిరోజూ నమోదవుతూనే ఉంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలయ్యాక మహిళలకు ఇచ్చే జీరో టికెట్లు కూడా అందులోనే ఉంటాయి. పల్లె ఆడవాళ్లు ఎప్పుడు, ఎక్కడికి, ఎందుకని ప్రయాణిస్తున్నారో ఊహించడానికి ఇంతకన్నా మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది? సభలో అడిగితే ఆ లెక్కలు తీసుకోలేదన్నారు. ఉన్నాయని తమకు తెలియదన్నారు.

నా సొంత వర్గానికి కూడా ఒక మాట అనాలి. ఆర్టీసీలో పనిచేసినంత మాత్రాన అన్నీ తెలుస్తాయని నేను చెప్పను. మా డిపోలో ఒక రూటును అలవాటు కొద్దీ ఏళ్ల తరబడి ఒకే సమయాలకు నడిపాం. కాలేజీ వేళలు మారినా మేం మార్చలేదు. బయటినుంచి కొత్తగా వచ్చిన ఒక అధికారిణి, స్టాటిస్టిక్స్ చదివిన అమ్మాయి, రెండు వారాల టికెట్లు ముందేసుకుని కూర్చుని, ఫలానా ట్రిప్పు వేళ అరగంట జరిపితే నలభై మంది పిల్లలు క్లాసు పోగొట్టుకోరని చూపించింది. మేం మొదట ఒప్పుకోలేదు, ఆవిడే నెగ్గింది. కాబట్టి నేను అడుగుతున్నది ఇంజనీర్లను తీసేసి కండక్టర్లను కూర్చోబెట్టమని కాదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకే హోదాతో, ఒకే రకం పారితోషికంతో కూర్చోవాలి. అభిప్రాయ సేకరణలో మూడు నిమిషాలు మైకు ఇచ్చి పంపేస్తే చాలదు.

దానితో పాటు ప్రజల డబ్బుతో రాయించే ప్రతి రవాణా నివేదిక మొదటి పేజీలోనే సలహాదారులు ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారో, వారు వేసిన పాత అంచనాలు ఏ మేరకు నిజమయ్యాయో, ఈ మార్గం పక్కన వారికి గానీ వారి సంస్థకు గానీ భూములు ఉన్నాయో లేదో తెలుగులో అచ్చు వేయాలి. ఇది ఎవరినీ అనుమానించడం కాదు. డాక్టరు గారి గదిలో గోడకు పట్టా వేలాడదీస్తే ఆయన్ను అవమానించినట్టు ఎవరైనా అనుకుంటారా?

ముసాయిదా మీద రాతపూర్వక అభిప్రాయాలు తీసుకోవడానికి గడువు ఇంకా ఉంది. నేను నైట్ హాల్టుల మీద, సర్వే వేళల మీద, రేవు దగ్గరి వృత్తం మీద ఆరు పేజీలు రాసి ఇస్తున్నాను. లంకల్లో ఉన్నవాళ్లు, వరదలో కాజ్‌వే మునిగినప్పుడు పిల్లలను పడవలో బడికి పంపేవాళ్లు, తొలి బస్సు కోసం చీకటితో లేచేవాళ్లు, మీ ఊరి పేరు, మీరు ఎక్కే వేళ, దిగే చోటు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రాయడం రానివాళ్లుంటే నాకు చెప్పండి, నేను వచ్చి రాసిపెడతాను. రెండో సభకు మా డిపోలో ఇప్పుడు నాలుగున్నర ట్రిప్పు చేస్తున్న కండక్టరు తమ్ముడిని, సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్తున్నాను. వాళ్లిద్దరికీ ముందు వరుసలో, నివేదిక రాసినవారి పక్కనే కుర్చీలు వేయాలని ఇప్పటికే రాసి ఇచ్చాను.