తలనొప్పికి కోడ్ ఉంది, ఆ తలనొప్పి తెచ్చిన పేలుళ్లకు?

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం 'షెల్ షాక్' (యుద్ధరంగంలో సైనికులకు పట్టుకునే వణుకు, మానసిక కుదుపు) కేసుల పక్కన ఒక అక్షరం చేర్చేది. శత్రువు షెల్ దగ్గర్లో పేలినందువల్ల వచ్చిందని తేలితే 'డబ్ల్యూ', అంటే గాయపడ్డవాడు. లేకపోతే 'ఎస్', అంటే జబ్బుపడ్డవాడు. మొదటివాడికి యూనిఫాం మీద గాయం పట్టీ, పెన్షన్ హక్కు దక్కేవి. వణుకు ఇద్దరిదీ ఒకటే అయినా రెండోవాడికి అవి లేవు. నూరేళ్లు దాటాక అమెరికా సైనిక ఆస్పత్రుల్లో అక్షరాలు మారాయి గానీ, తకరారు పెద్దగా మారలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు వాడేది ఐసీడీ-10-సీఎం, అంటే ప్రతి జబ్బుకూ, గాయానికీ, దాని కారణానికీ ఒక కోడ్ ఇచ్చే జాబితా. పేలుడు గాయాలకు అందులో చోటు లేదనలేం. చెవికి, ఊపిరితిత్తికి పేలుడు ఒత్తిడి వల్ల తగిలే దెబ్బలకు విడి కోడ్లున్నాయి. మెదడుకు ఎస్06.8ఏ ఉంది. కారణం చెప్పడానికి యుద్ధమైతే వై36, శిక్షణలాంటి సైనిక పనులైతే వై37. కాకపోతే ఇవన్నీ ఒక సంఘటనను ఊహించుకుని రాసినవి: ఫలానా రోజు పేలింది, ఫలానా మనిషికి తగిలింది.

సంఘటన కళ్లముందు జరిగినా లెక్క తేలడానికి టైం పడుతుంది. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డప్పుడు తమవాళ్లెవరికీ ఏమీ కాలేదని వాషింగ్టన్ ప్రకటించింది. తర్వాత వందమందికి పైగా మెదడు గాయం ఉన్నట్టు తేలింది. వారిలో కొందరికి, యుద్ధంలో గాయపడ్డవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం 2021 చివర్లో గానీ మంజూరు కాలేదు.

అసలు చిక్కు అలాంటి ఒక్క సంఘటనంటూ లేకుండా, సొంత ఆయుధాల పేలుడు ఒత్తిడే మళ్లీ మళ్లీ తగిలేవాళ్లది. భుజం మీద పెట్టి పేల్చే కార్ల్ గుస్తాఫ్ అనే ఆయుధం వాడటం నేర్పే శిక్షకుడినే తీసుకోండి. లేదా తలుపులు పేల్చి లోపలికి దూరే బృందంలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని. అతను ఒక్కసారీ స్పృహ తప్పలేదు, స్కాన్‌లో ఏమీ కనిపించదు. తేలికపాటి మెదడు గాయం అని రాయాలన్నా కాసేపైనా స్పృహ పోవడమో, అయోమయమో, మతిమరుపో ఆ దెబ్బ వెంటనే ఉండాలి. అవేవీ లేవు. దాంతో అతని తలనొప్పి ఆర్51 కింద, చెవిలో హోరు హెచ్93.1 కింద, నిద్రలేమి జీ47 కింద వేర్వేరు విజిట్లలో నమోదవుతాయి. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చి ఉండొచ్చన్న అనుమానం ఏ గడిలోనూ పట్టదు. కారణం చెప్పే వై కోడ్లు ఒంటరిగా నిలబడవు, ముందు ఆ కారణం వల్ల వచ్చిన గాయం లేదా జబ్బు కోడ్ ఉండాలి. పైగా వాటిని రాసి తీరాలన్న జాతీయ నిబంధన కూడా లేదు.

దీనికి కోడర్‌ను, అంటే డాక్టర్ రాసినదాన్ని కోడ్లుగా మార్చే ఉద్యోగిని, తప్పుపట్టడం తేలిక, కానీ అన్యాయం. డాక్టర్ రాయనిది కోడర్ వేయకూడదు. సైనికుడు చెప్పనిది డాక్టర్ రాయలేడు. తలనొప్పి అని నోరు జారితే డ్యూటీ నుంచి తప్పిస్తారేమోనన్న టెన్షన్ సైనికుడిది.

దీని ఫలితం సర్వీసు అయ్యాక తెలుస్తుంది. మాజీ సైనికుల శాఖకు పరిహారం కోసం వేరే అంకెలున్నాయి: మెదడు గాయానికి 8045, చెవి హోరుకు 6260. రెండోదానికి దక్కేది 10 శాతం వైకల్య రేటింగ్. మొదటిది 100 దాకా వెళ్లగలదు, కానీ సర్వీసులో గాయమైనట్టు ఆధారం చూపాలి. విడివిడి లక్షణాల ఫైలుతో వెళ్లినవాడికి ఆ ఆధారం ఎక్కడిది?

కొత్త గాయం కోడ్ తెస్తే సరిపోతుందని నేననుకోను. ప్రతి నిద్రలేమినీ పేలుడు ఖాతాలో వేస్తే అది ఇంకో తప్పు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకు జబ్బు వచ్చేదాకా ఆగరు, బ్యాడ్జీ పెట్టి మోతాదు రాస్తారు. ఇక్కడా కావాల్సింది అదే: ఏ ఆయుధం, ఎన్ని రౌండ్లు, ఎంత ఒత్తిడి. 2024 ఆగస్టులో పెంటగాన్ 4 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 4 పౌండ్ల) ఒత్తిడిని జాగ్రత్తపడాల్సిన హద్దుగా పెట్టింది. అంటే కొలవొచ్చని వాళ్లూ ఒప్పుకున్నట్టే. పేల్చిన మందుగుండుకు సైన్యం ఎలాగూ లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క స్టోర్స్ ఆఫీసుకు వెళ్తుంది, పేల్చినవాడి మెడికల్ ఫైల్లోకి రాదు.