ఆ సంతకం తర్వాత డాక్టరు ఎక్కడ?

మా పెదనాన్నది ఉదయగిరి వైపు పల్లె. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరి, నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో తొమ్మిది రోజులున్నాడు. పదో రోజు డాక్టరు మా అన్నని వరండాలోకి పిలిచి, "వెంటిలేటర్ పెట్టినా లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్నాడు. అరగంటకి నర్సు ఒక కాగితం తెచ్చింది. వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నామని అందులో ఉంది. తీసుకుపొమ్మన్నది ఆయనే కదా! అన్న సంతకం పెట్టాడు. దీన్నే ఆస్పత్రుల్లో 'లామా' అంటారు.

డాక్టరు భయం నాకు అర్థమవుతుంది. కేసు భయం, బంధువులు అద్దాలు పగలగొడతారనే భయం. కానీ లాభం లేని వైద్యం చట్టప్రకారమే ఆపడానికి 2018 మార్చిలోనే సుప్రీంకోర్టు ఓ దారి చూపింది, 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా కలిసి, వైద్యం ఆపొచ్చా అని చూడాలి. దాని మాటని సరిచూడ్డానికి పైన రెండో బోర్డు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. అలాంటి స్థితిలో ఏ వైద్యం వద్దో ముందే విల్లులా రాసుకోవాలంటే ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు. పొలం అగ్రిమెంటుకి నోటరీ దగ్గరికి పరిగెత్తే మనం దీనికి వెళ్లం, అది వేరే సంగతి. లామా కాగితం చేతిలో ఉండగా బోర్డుల పని ఎవరు పెట్టుకుంటారు?

పెదనాన్నకైతే బోర్డు కూడా అక్కర్లేదు. ఆక్సిజన్ మాస్కుతో ఉన్నా పూర్తి స్పృహలో ఉన్నాడు. వద్దనే హక్కు ఆయనదే. ఎవరూ అడగలేదు. "పెద్దాయనకి చెప్పొద్దు సార్" అన్నది మేమే, ఆ తప్పు మాదే. ఆయన మాత్రం దుప్పటి మార్చే కుర్రాణ్ణి అడిగాడు, "ఏం అబ్బయా, ఇంకెన్నాళ్లంట?" అని.

నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్ పనిచేస్తుంది. అది ఆస్పత్రులకి తేలిగ్గా దొరకాలని 2014లో చట్టమే మార్చారు. మా ఫైల్లో దాని ఊసే లేదు. ఇంటికి పంపే డాక్టరు ఆ ఒక్క మందు రాసి, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఇస్తే చాలు, సగం నరకం తగ్గేది. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు, ఆయనకి తెలిసింది అదే.

ఇంటికొచ్చాక నాలుగు రోజులున్నాడు. మూడో రాత్రి అన్న ఆస్పత్రికి ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి పేషెంటు నంబరు అడిగింది. కాసేపు చూసి, "మీరు లామాలో వెళ్లారు కదండీ" అంది.