ఉదయగిరి నుంచి భైరవకోన దాకా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పర్యాటకం ప్రస్తావన వస్తే మాట మైపాడు, కొత్తపట్నం తీరాల దగ్గరే ఆగిపోతుంది. పడమట కడప జిల్లాను ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతానికి కరువు సీమ అన్న పేరు తప్ప మరో పేరు దక్కలేదు. ఉదయగిరి కోట, సీతారామపురం వైపున ఉన్న ఘటిక సిద్ధేశ్వరం శివాలయం, చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోన రెండు రోజుల్లో నింపాదిగా చూసి రాదగినంత దగ్గరగా ఉన్నాయి. అయితే ఏ జిల్లాకు ఆ జిల్లా తన హద్దు వరకే చూపించుకుంటే, ఒక్క చోటు కోసం అంత దూరం పోవాలా అని సందర్శకుడు వెనకాడడం సహజం.

ఉదయగిరి విషయమే చూద్దాం. మూడు వేల అడుగులకు పైబడిన ఈ గిరిదుర్గాన్ని ఒడిశా రాజులైన గజపతుల నుంచి గెలుచుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు 1513లో మొదలుపెట్టిన ముట్టడిని 1514 దాకా సాగించవలసి వచ్చింది. సైన్యం నడవడానికి బండలు పగలగొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆ కొండ మీదికి ఈనాటికీ ఇంతకన్నా పెద్ద ప్రయత్నమేదీ జరిగినట్టు కనిపించదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తరలించి, దాని కోసం ప్రత్యేకంగా ఆలయం కట్టించాడు. విగ్రహం చివరికి చెన్నై మ్యూజియం చేరింది. హంపీలోని ఆ కృష్ణాలయాన్ని చూడడానికి దేశదేశాల నుంచి జనం వస్తున్నారు, దాని కథ మొదలైన కోట మాత్రం ముళ్లపొదల మధ్య ఉంది. కొండ మీద ఆలయ శిథిలాల పక్కనే మసీదు గోడలు కనిపిస్తాయి, ఎన్ని ఏలుబడులు మారాయో చెప్పడానికి ఆ రెండూ చాలు.

కోట దిగితే ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే ఇళ్లున్నాయి. దగ్గరి అడవుల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కలపను ఆకురాళ్లతో నునుపు చేసి, పిడి మీద సన్నని అల్లిక పని చెక్కుతారు, ఈ పనిలో మహిళలే ఎక్కువ. ఉదయగిరి చెక్క సామగ్రికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది. కొనేవాడు గుమ్మం దాకా రాకపోతే ఆ గుర్తింపు కాగితం వల్ల ఒరిగేది తక్కువే.

భైరవకోనలో ఒకే కొండ చరియలో ఎనిమిది గుహాలయాలు తొలిచారు. సింహాలు పీఠంగా ఉన్న స్తంభాలు, గుమ్మానికి ఇరువైపులా నిలిచిన ద్వారపాలకులు మహాబలిపురం పల్లవ శిల్పాన్ని గుర్తుకు తెస్తాయి. పక్కనే జలపాతం. కార్తీక మాసంలో, శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారు, తక్కిన రోజుల్లో శిల్పాన్ని వివరించి చెప్పే మనిషి దొరకడు. పండుగ రద్దీని పర్యాటకంగా లెక్క వేసుకోవడం ఇక్కడ జరుగుతున్న పొరపాటు.

రోప్‌వేలు, రిసార్టులు వద్దని ఈ వ్యాసకర్త అభిప్రాయం, అడవి అంచున అవి తెచ్చేది చెత్త, శబ్దమే. రెండు వైపుల అధికారులు కూర్చొని ఉమ్మడిగా ఒక బస్సు మార్గం, చోటు చోటునా తాగునీరు, చరిత్ర చెప్పే తెలుగు బోర్డులు, స్థానిక యువకులకు గైడ్ శిక్షణ ఏర్పాటు చేస్తే మొదటి విడతకు సరిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడి కోనల్లో నీరు పారే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా దీన్ని నడిపి చూడవచ్చు. ఎండాకాలంలో ఆ బండల మీదికి ఎవరినీ రమ్మనకపోవడమే మేలు.