లోటస్ 1-2-3 గారికి: బ్రాడీపేట 2/4 అంటే అర కాదండీ

మహారాజశ్రీ లోటస్ 1-2-3 గారి సముఖానికి,

గుంటూరు మిర్చి కమిషన్ కొట్ల గుమస్తాలు రాసుకుంటున్న విన్నపం. తమరు కంప్యూటర్లో గడుల పట్టిక మీద లెక్కలేసే ప్రోగ్రాం, 1983 జనవరిలో అమెరికాలో అవతరించారు. 1995లో ఐబీఎం వారు తమ కంపెనీని కొనేశారు, 2014లో తమ బాగోగులు చూడటం మానేశారు. పోయినవాళ్లంతా మంచివాళ్లే కాబట్టి ఇప్పుడు తమరూ మంచివారైపోయారు. "లోటస్ రోజుల్లో లెక్కంటే లెక్కండీ" అని టీ కొట్టు దగ్గర నిట్టూర్చే పెద్దలు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ నిట్టూర్పుల్లో కొట్టుకుపోకుండా మిగిలిన పాత బాకీలు కొన్ని ఉన్నాయి, వాటి కోసమే ఈ ఉత్తరం.

ముందు అడ్రసు సంగతి. బ్రాడీపేట 2/4 అంటే రెండో లైను, నాలుగో అడ్డరోడ్డు. రిక్షా ఎక్కి ఆ మాట అంటే చాలు, ఇంటి ముందు దింపుతారు. తమరి గడిలో 2/4 అని కొట్టి ఎంటర్ నొక్కితే మాత్రం 0.5 వచ్చేది. రైతు ఇల్లు అర! డోరు నంబరు 5-37-48 కొడితే -80. ఇల్లు నేలకి ఎనభై అడుగుల కింద ఉందన్నట్టు. అంకెతో మొదలైతే లెక్క, అక్షరంతో మొదలైతే మాట. ఇదొక్కటే తమరికి తెలిసిన ధర్మశాస్త్రం. అడ్రసు ముందు ఒక ' గుర్తు పెడితే బుద్ధిగా ఊరుకునేవారు. ఆ గుర్తు మర్చిపోతే తీసివేత ఖాయం.

అదే ధర్మం అటునుంచి కూడా కాటేసేది. పట్టీలో (రైతుకిచ్చే అమ్మకం లెక్క కాయితంలో) తూకం కిలోల్లో, రేటు క్వింటాలుకి. తూకం సీ5 గడిలో, రేటు డీ5 గడిలో ఉంటే +సీ5*డీ5/100 అని కొట్టాలి. 1640 కిలోలు, రేటు 4000 అయితే 65,600 రావాలి. ముందున్న ప్లస్ ఎగిరిపోతే సీ అక్షరం కదా అని తమరు దాన్ని మాట కింద జమకట్టేవారు. కింద మొత్తంలో ఆ గడి విలువ సున్నా. ముప్పై ఎనిమిది టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుకొచ్చిన రైతు చేతికి డబ్బు బదులు "సీ5*డీ5/100" అని అచ్చయిన కాయితం వెళ్లేది. హమాలీ, కాటా కూలి మాత్రం పొల్లుపోకుండా తీసివేతకి వచ్చేవి. వాటికి ప్లస్ పెట్టడం ఎవరూ మర్చిపోరు.

పెద్ద మొత్తాలంటే తమరికి మహా మొహమాటం. గడి వెడల్పు మామూలుగా తొమ్మిది అక్షరాలు. 1,234,567.00 అన్నది అందులో పట్టదు, పట్టకపోతే గడి నిండా నక్షత్రాలు. స్లాష్, డబ్ల్యూ, సీ, ఎస్ నొక్కి వెడల్పు 14 చేస్తే అంకె బయటపడేది, అదీ దొరల కామాలతో. పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై ఏడుని మనవాళ్లు 12,34,567 అని రాసుకుంటారండీ అంటే వినేవారు కాదు. షావుకారు గారు కాయితం మీద పెన్నుతో ఆ కామాలు కొట్టేసి కొత్తవి పెట్టుకునేవారు.

షీటు పెద్దదయ్యేకొద్దీ తమరికి ఆయాసం. ఎక్స్‌టీ అనే ఆనాటి కంప్యూటర్ మీద ఒక్కో గడి నింపినప్పుడల్లా షీటంతా మళ్లీ లెక్కేసుకునేవారు. అందుకని లెక్కింపుని మాన్యువల్‌కి మార్చేవాళ్లు. ఎఫ్9 నొక్కితేనే లెక్క. తెర కింద మూలన "కాల్క్" అని ఒక్క మాట వెలిగేది. దాన్ని చూడకుండా ప్రింటుకి కొడితే కొత్త టిక్కీలు, పాత మొత్తం.

ప్రింటు అన్నాం కాబట్టి అదీ ఇక్కడే తేల్చేద్దాం. స్లాష్, పీ, పీ. రేంజి చెప్పాలి. ఆప్షన్లలో సెటప్ దగ్గర \015 కొడితే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు సన్న అక్షరాల్లోకి దిగేది, లైనుకి ఎనభై అక్షరాలు పట్టే కాయితం మీద 132 పట్టేవి. కుడి మార్జిన్ కూడా 132కి మార్చాలి, లేకపోతే అక్షరాలు సన్నబడతాయి గానీ చివరి వరసలు వేరే కాయితం మీదికి పోతాయి. తరవాత అలైన్, తరవాత గో. ఈ అలైన్ దగ్గరే ఉంది తంటా అంతా. కాయితానికి 66 లైన్లని తమరు లోపల వేళ్ల మీద లెక్కపెట్టుకునేవారు, ప్రింటర్లో కాయితం ఎక్కడుందో తమరికి కనపడదు. కుర్రాడు పక్కనున్న చక్రం తిప్పి కాయితం నాలుగు లైన్లు పైకి జరిపాడంటే తమరి లెక్కా కాయితం లెక్కా విడాకులు తీసుకున్నట్టే. కాయితాలు విడదీసే చిల్లుల గీత మీద పద్దు, కాయితం నడిబొడ్డున ఖాళీ. చిల్లుల గీతని ప్రింటు తల దగ్గరికి తెచ్చి అలైన్ నొక్కితే తమరు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. ఈ ముక్క తెలిసినవాడికి కొట్లో గౌరవం, తెలియనివాడికి చెత్తబుట్ట నిండా కాయితం.

దాచుకోవడంలోనూ తమరిది విచిత్రమైన దయ. పాత ఫైలు మీద దాచాలంటే స్లాష్, ఎఫ్, ఎస్, ఎంటర్. అప్పుడు "క్యాన్సిల్, రిప్లేస్" అని రెండు మాటలు చూపించి, దీపం మొదటిదాని మీద పెట్టేవారు. అలవాటు కొద్దీ ఇంకో ఎంటర్ కొడితే దాచలేదన్నమాట. కొట్టినవాడు దాచాననుకుని వక్కపొడి వేసుకునేవాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. (మే నెల గుంటూరులో అది ఎప్పుడు పోతుందో పంచాంగం చూడక్కర్లేదు.)

ఇక ఫ్లాపీ. తమరి అసలు డిస్కు 'ఏ' (A) అనే డ్రైవులో ఉంటేనే తలుపు తీసేవారు, నకలు పనికిరాదు. ఆ ఒక్క డిస్కుని కొట్టు తాళంచెవిలా దేవుడి పటం కింద దాచుకోవాలి. మిరప ఘాటుకి మనిషైతే తుమ్మి బయటపడతాడు, డ్రైవు తుమ్మలేదు. డిస్కు మీద గీత పడితే దేవుడి పటమే గతి.

అసలు ఆట ఆడిటర్ గారి దగ్గర. కొట్లో 360 కేబీ డ్రైవు, ఆయన దగ్గర కొత్త 1.2 ఎంబీ డ్రైవు. డిస్కు అరండల్‌పేట వెళ్లేది, ఆయన చదివేవారు, రెండంకెలు దిద్ది దాచేవారు. తిరిగొచ్చాక కొట్లో మిషన్ చదవనని మొరాయించేది. కారణం చిన్నదే. 1.2 డ్రైవు తల గీసే దారి పాత డ్రైవు దారిలో సగం వెడల్పు. పాత ముగ్గు తుడవకుండా దాని మీద సన్న పిండితో కొత్త ముగ్గు వేస్తే రెండు పక్కలా పాత గీత కనపడుతుంది కదా, కొట్లో డ్రైవుకి కూడా కొత్తా పాతా కలిసి కనపడేవి. ఎప్పుడూ వాడని డిస్కుని ఆయన మిషన్లోనే ఫార్మాట్ ఏ: /4 అని కొట్టి రాస్తే చాలాసార్లు దాటేది. ఆయన మిషన్ చదవడానికే అని ఒట్టు పెట్టించుకోవడం అంతకంటే మేలు.

ఇన్ని బాకీలు ఉన్నా తమరి మీద కోపం నిలవదు. అందుకు తమరి వారసుడు ఎక్సెల్ గారికే దండం పెట్టాలి. 2/4 కొడితే ఆయన తీసివేయరు, భాగించరు. మిషన్ మన పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 2, అమెరికా పద్ధతిలో ఉంటే ఫిబ్రవరి 4. తమరు చెప్పింది చేసేవారు, ఈయన చెప్పకముందే గ్రహించేస్తారు. 0.5 చూస్తే ఎక్కడో తేడా కొట్టిందని ఎవరికైనా తెలుస్తుంది. ఏప్రిల్ 2 చూస్తే పట్టీ తేదీ కాబోలు అనుకుని వదిలేస్తారు.

ఆయన తమరి ఆస్తి అంతా తీసుకోలేదు గానీ తప్పు ఒకటి మాత్రం భద్రంగా తీసుకున్నారు. 1900 లీపు సంవత్సరం అని తమరు పొరబడ్డారు. కాదు. తమరి ఫైళ్లలో తేదీలు తేడా రాకూడదని ఎక్సెల్ గారు కూడా అదే పొరపాటు కావాలనే పెట్టుకున్నారు. ఇప్పటికీ ఎక్సెల్లో ఏ గడిలోనైనా 60 (1900 జనవరి 1 నుంచి అరవయ్యో రోజు అని) కొట్టి తేదీగా మార్చి చూడండి, 1900 ఫిబ్రవరి 29 వస్తుంది. లేని రోజు! అధిక మాసం ఎరిగిన తెలుగువాళ్లం గానీ ఈ అధిక దినం ఏ సిద్ధాంతి గారూ చెప్పలేదు. 1900 జనవరి 1 సోమవారం, ఎక్సెల్‌ని అడిగితే ఆదివారం అంటుంది. మార్చి 1 నుంచి వారాలు మళ్లీ దారిన పడతాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. తమరు రిటైరయ్యారు, తమరి తప్పు మాత్రం పర్మినెంటు.

తమరి గుర్తు ఇంకొకటి కూడా ఉంది. ఎక్సెల్లో ఖాళీ గడిలో నిలబడి స్లాష్ నొక్కితే గీత పడదు, పైన మెనూ మీద చిన్న చిన్న అక్షరాలు లేస్తాయి. తమరి అలవాటు పోని పాతవాళ్ల కోసం ఉంచిన తలుపు అది. మొన్న చేరిన కుర్రాళ్లు డోరు నంబరు చివర "/1" వేరే గడిలో కొట్టబోయి, ఈ అక్షరాలు లేవడం చూసి కీబోర్డు పాడైందని మెకానిక్‌కి ఫోన్ చేస్తున్నారు.

చిత్తగించవలెను,
గుంటూరు పట్టీ గుమస్తాలు