ఫారం 26 గారికి, ఆటోనగర్ షెడ్డు నుంచి

పేటెంట్ ఫారం 26 గారికి,

నమస్కారమండీ. తమరు క్షేమమే అనుకుంటాను. తమరికేం లెండి, ఒంటి పేజీ ప్రాణం, ఏసీ రూములో ఫైల్లో పడుకుని ఉంటారు. తమరి కోసం నిన్న మధ్యాహ్నమంతా ఆటోనగర్ నుంచి గవర్నర్‌పేటకి, అక్కణ్ణించి మళ్ళీ ఆటోనగర్‌కి, బెంజి సర్కిల్ దగ్గర హెల్మెట్లో ఉడికిపోతూ తిరిగింది నేను. తమరంటే పేటెంట్ ఏజెంటుకి మా తరఫున అధికారం రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కదా, నిన్నటిది మూడోది, మూడో వంద రూపాయల స్టాంప్ పేపరు, అదీ ఏజెంటు ఆఫీసు నుంచి వెనక్కి వచ్చింది.

స్టాంప్ పేపరు ముచ్చట ముందు చెప్పేస్తా. విజయవాడలో పవర్ ఆఫ్ అటార్నీ అన్న మాట నోట్లోంచి రాగానే స్టాంప్ వెండర్ తలెత్తకుండా అడిగే ప్రశ్న ఒకటే, "సైటెక్కడ సార్?" సైటు కాదండీ, ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే మిషన్, మా బాబాయీ నేనూ కలిసి చేశాం, పేటెంట్‌కి పెట్టాం, చెన్నై గిండీలో ఉన్న పేటెంట్ ఆఫీసుతో మా తరఫున మాట్లాడ్డానికి ఏజెంటుకి అధికారం రాసిస్తున్నాం అని మొత్తం చెప్పా. అంతా విని, నా వెనక నిలబడ్డాయన "ఎన్ని సెంట్లండీ" అన్నాడు.

సరే. తమరి ఒంటి మీద ఒక వాక్యం ఉంటుంది చూడండి, ఇదే విషయంలో ఇంతకుముందు ఎవరికైనా అధికారం ఇచ్చి ఉంటే అవన్నీ రద్దు చేస్తున్నాం అని. ఎవరికిచ్చాం? పుట్టి బుద్ధెరిగాక మొదటి పేటెంట్ అండీ ఇది. మా పిన్ని ఆ లైను అర్థం చెప్పించుకుని, "ఏరా, అంతకుముందు ఎవరికి రాసిచ్చాడు మీ బాబాయి?" అని రెండ్రోజులు ఆయన్ని అనుమానంగా చూసింది. ఆ పాపం తమరిదే.

ఇవన్నీ పోనివ్వండి. సంతకం సంగతికి వద్దాం.

మా బాబాయి తెలుగులో సంతకం పెడతాడు. లేతు మిషన్ మీద చెయ్యి వేసినప్పట్నుంచీ అదే సంతకం. బ్యాంకులో అదే, షెడ్డు కరెంటు మీటరు కాగితాల్లో అదే, మా అక్క పెళ్ళి శుభలేఖల ప్రూఫు మీద కూడా అదే. చివరి అక్షరానికి తలకట్టు పెట్టి దాన్ని కుడివైపుకి అలా ఒక్క లాగు లాగుతాడు, లేతు మీంచి ఇనప చెక్కు చుట్టుకుంటూ లేచినట్టుంటుంది. మిషన్లో అసలు కిటుకు, కాయ పగలకుండా గింజ రాలకుండా తొడిమ ఒక్కటే ఊడొచ్చే ఆ రబ్బరు రోలరు, పూర్తిగా ఆయనదే, నేను చేసిందల్లా గుంటూరు యార్డు నుంచి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తెచ్చి పొయ్యడం, లెక్క రాయడం. తాలుకాయ వేస్తే ఎంత, మంచికాయ వేస్తే ఎంత అని.

ఫారం 1లో, అంటే అసలు పేటెంట్ దరఖాస్తులో, అసలైన మొదటి ఆవిష్కర్తలం మేమే అని డిక్లరేషన్ ఉంటుంది కదా, దాని కింద బాబాయి తెలుగులోనే సంతకం పెట్టాడు. స్కాన్ చేశారు, 1600 రూపాయల ఫీజు కట్టాం, దరఖాస్తు నంబరొచ్చింది. ఎవరూ కిక్కురుమనలేదు.

తమరి దగ్గరికొచ్చేసరికి ఏజెంటు ఆఫీసులో కుర్రాడు, "సార్, పెద్దాయన తెలుగులో పెట్టారు, ఇంగ్లీషులో పెట్టించండి, చెన్నైలో ఒప్పుకోరు" అన్నాడు. సరే అని రెండో స్టాంప్ పేపరు కొన్నా. బాబాయి మూడ్రోజులు ప్రాక్టీసు చేశాడండీ. రేకు ముక్క మీద సుద్దతో పేరు రాస్తాడు, బనీను అంచుతో తుడుస్తాడు, మళ్ళీ రాస్తాడు. పక్క షెడ్డువాళ్ళు "ఏంటి గురూ, అమెరికా వెళ్తున్నావా" అని నవ్వారు. చివరికి పేపరు మీద పెట్టాడు. అలవాటు కొద్దీ ఇంగ్లీషు అక్షరానికి కూడా తలకట్టు పెట్టి కుడివైపుకి లాగాడు. "ఈ చివర్న గీత ఏంటి సార్" అని అదీ వెనక్కొచ్చింది. మూడోది గీత లేకుండా, ఊపిరి బిగబట్టి, ఒక్కో అక్షరం ఒంటరిగా నిలబెట్టి పెట్టాడు.

నిన్న ఆ మూడోది పట్టుకుని వెళ్తే ఏమన్నాడో వినండి. "సార్, ఇది ఫారం 1లో సంతకంతో మ్యాచ్ అవ్వట్లేదు."

మ్యాచ్ అవ్వట్లేదా! అక్కడ తెలుగులో ఉంది, ఇక్కడ ఇంగ్లీషులో పెట్టమన్నది నువ్వు, మ్యాచ్ ఎలా అవుద్దిరా నాయనా! ఆ మాట పైకి అన్లేదు, ఎందుకంటే అప్లికేషన్ వేసిన రోజు నుంచి 3 నెలల్లో తమరు చెన్నై చేరాలి, లేకపోతే ఫైలు ముందుకి కదలదు, ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

ఇంటికొచ్చి కడుపుమంటతో 2003 నాటి పేటెంట్ రూల్సు తెరిచా, తమర్ని తిట్టడానికి ఏదైనా దొరుకుద్దేమో అని. 9వ రూలు చదివా. అక్షరం ఎత్తు 0.28 సెంటీమీటర్లకి తగ్గకూడదట, పైనా ఎడమపక్కా 4 సెంటీమీటర్ల మార్జిన్ ఉండాలట, మా బాబాయి కూడా రోలరు గ్యాపు అంత పట్టింపుగా కొలవడు. ఆ కిందే ఉంది. సంతకం ఇంగ్లీషూ హిందీ కాని లిపిలో ఉంటే, పక్కన ఆ పేరు ఇంగ్లీషులోనో హిందీలోనో పెద్దక్షరాల్లో రాస్తే చాలట. అంతే! మూడు స్టాంప్ పేపర్లు, మూడ్రోజుల సుద్దముక్కలు, అన్నీ ఆ ఒక్క లైను ఎవరూ చదవకపోవడం వల్ల.

వెంటనే ఆ కుర్రాడికి ఫోన్ చేసి చదివి వినిపించా. "అవునా సార్," అన్నాడు, "అయినా మనకెందుకు సార్ రిస్కు."

డల్లాస్‌లో ఉన్న మా ఫ్రెండు నవ్వుతున్నాడు. అక్కడి పేటెంట్ ఆఫీసులో రెండు వాలుగీతల మధ్య మన పేరు మనం టైప్ చేసుకుంటే అదే సంతకమట. అబద్ధమాడితే మాత్రం 5 ఏళ్ళ దాకా జైలు అని డిక్లరేషన్ మీదే అచ్చేసి ఉంటుందట. మాకేమో నిజం చెప్పినందుకే ఈ తిరుగుడు.

తమర్ని తిడదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టానండీ. తీరా మళ్ళీ చదివితే తమరెక్కడా ఇంగ్లీషు సంతకం అడగలేదు. సంతకం అన్నారు, జాగా వదిలారు, ఊరుకున్నారు. పాపం, తమరి పేరు చెప్పి మధ్యలోవాళ్ళు ఆడించారు మమ్మల్ని. పిన్ని విషయం తప్ప మిగతావి క్షమించేస్తున్నా.

పొద్దున్నే నాలుగో పేపరు తెచ్చా. వెండరు "ఇంకా రిజిస్ట్రేషన్ అవలేదా సార్" అని పరామర్శించాడు. బాబాయి గ్రీజు చెయ్యి తుడుచుకుని, తెలుగులో, తలకట్టుతో సహా, గీత ఇంతకుముందుకంటే బారుగా లాగి సంతకం పెట్టాడు. కింద పెద్దక్షరాల్లో ఆయన పేరు నేను రాశా. రేపు పదకొండింటికి ఇద్దరం వస్తున్నాం, రూలు ప్రింటవుట్ నా చేతిలో ఉంటుంది. బాబాయి చొక్కా జేబులో స్పానర్ ఎప్పుడూ ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదని ఆ కుర్రాడికి తమరే చెప్పాలి.

ఇట్లు,
దరఖాస్తుదారుల్లో ఇంగ్లీషు సంతకం పెట్టేవాడు